డబ్బాల్లో వచ్చిన జెట్ విమానం

పాలవాడు కాస్త ఆలస్యమైతే లారీ గుద్దేసిందేమోనని వీధిలోకి పరిగెత్తే మనిషి జుబేదా. అలాంటి తల్లి కొడుకు జుబేర్‌కి తాడేపల్లిగూడెంలో దొరికిన పని, విమానం బిగించడం.

విమానం రఘురామ్ గారిది. మండవల్లి దగ్గర చేపల చెరువులున్న ఆసామి. అమెరికాలో ఓ కంపెనీ విమానాన్ని ముక్కలుగా డబ్బాల్లో పెట్టి అమ్మేదట, కొన్నవాళ్ళు ఇంటి దగ్గర బిగించుకునేవారట. ఆ డబ్బాలు చేతులు మారి మారి రెండువేల ఏడులో గూడెంలోని ఆయన షెడ్డుకి చేరాయి. రేకుల పనిలో చెయ్యి తిరిగినవాడని జుబేర్‌ని పిలిచారు.

కంపెనీ చరిత్రంతా ఆయన జుబేదాకి పురాణంలా చెప్పారు. "మొదట ఫ్యాన్ తిరిగే బుల్లి విమానాలమ్మా, పశువుల కొట్టంలో మొదలెట్టాడు ఆ కంపెనీ ఓనరు. జనం ఎగబడ్డారు. తర్వాత జెట్లు, ఒక్క మనిషి పట్టేవి. తీర్థాల్లో జనం చూస్తుండగా వాటిని గాల్లో పల్టీలు కొట్టించేవాడు."

"ఇప్పుడేం చేస్తున్నారండీ ఆయన?"

"కంపెనీ ఎప్పుడో మూతపడిందిలే."

"అయ్యో, ఎంతమంది పడిపోతే మూశారండీ?"

"పడిపోయి కాదమ్మా, జెట్ ఇంజన్లు దొరక్క."

ఇంజన్లే దొరక్కపోతే దీన్లో ఏం పెట్టారోనని జుబేదాకి మరీ భయం పట్టుకుంది. దానికి తోడు, భారీ మనిషైన రఘురామ్ గారు ఆ సీట్లో పట్టరు. రైతులు ధాన్యం ఆరబోసుకునే, తెల్లదొరల నాటి పాత రన్‌వే మీద దాన్ని మొదటిసారి నడిపేది, సన్నగా ఉన్న జుబేరే.

"ఎగరదమ్మా, పర్మిషన్ లేదు. నేల మీదే కాస్త దూరం," అన్నాడు కొడుకు.

"పర్మిషన్ లేదని దానికి తెలుసా?"

భర్త దస్తగిరి ఆటోలకి సీట్లు కుట్టేవాడు. జెట్ సీటూ ఆయనే కుట్టాడు. "కాస్త ఒళ్ళున్నవాడైతే దూరలేడే," అన్నాడు నవ్వుతూ.

జుబేదా ఆ మాట మనసులో పెట్టుకుంది. మర్నాటి నుంచి కొడుక్కి పొద్దున నేతి పరాటాలు, మధ్యాహ్నం కొల్లేరు కొరమీను పులుసు, రాత్రి మీగడ పాలు. దస్తగిరి కంచంలో ఉత్త పులుసే పడేది.

"నా ముక్కేదే?"

"మీకు వయసొచ్చిందండీ, తేలిగ్గా తినాలి."

పక్కింటి సలోమి ఆగలేక అడిగింది. "అబ్బాయికి సంబంధం చూస్తున్నారా వదినా?"

"సంబంధమా! ప్రాణం నిలబెడుతున్నాను."

నెలలు గడిచి, విమానం నడిపే రోజు రానే వచ్చింది. రైతులు గొణుక్కుంటూ ధాన్యం పక్కకి లాగారు. జుబేర్ కాళ్ళు లోపల పెట్టి కూర్చున్నాడు. పైన అద్దాల మూత దించితే, అది పొట్ట దగ్గర ఆగిపోయింది.

"ఊపిరి బిగబట్టవయ్యా!" అన్నారు రఘురామ్ గారు.

"వదిలెయ్ నాన్నా, పొట్ట బాగా వదిలెయ్!" అని వెనకనుంచి జుబేదా.

మూత పడలేదు. జుబేదా పైకి చూసి అల్లాకి చేతులెత్తింది. రఘురామ్ గారు దిగులుగా చుట్టూ చూశారు. ఆయన చూపు ఒకచోట నిలిచిపోయింది.

"దస్తగిరీ! ఎప్పుడు చిక్కిపోయావయ్యా ఇంతలా?"

దస్తగిరి అప్పటికే చెప్పులు విప్పేశాడు. "ఒకప్పుడు ఆటో నడిపినవాణ్ణే కదండీ," అంటూ లోపల కూర్చున్నాడు. మూత టక్కున పడింది.

జుబేదా కేకపెట్టి పరిగెత్తి అద్దం మీద బాదింది. "ఏవండీ, దిగండి! ఇంకనుంచి ముక్కలన్నీ మీకేనండీ!"

మూత కొంచెం లేచింది. "కొరమీను తలకాయో?"

"తలకాయ కూడానండీ!"

దస్తగిరి మూత ఇంకాస్త ఎత్తి, "రోజూనా?" అన్నాడు.