వాలుగ దవడలు పారేసిన గ్లోరీ

పొందూరులో మా నూలు సంఘం గేటు కాపలా నాది. నాకు తెలీకుండా లోపలికి ఈగ కూడా పోదు. కాబట్టి గ్లోరీ సంగతి నేను చెబితేనే నమ్మాలి.

గ్లోరీది లారీల ఊరు సాలూరు. లారీ చప్పుడు విని అందులో ఏ లోడుందో చెప్పేస్తుంది గానీ పత్తి సంగతి తెలీదు. కొత్తగా ఆఫీసులో చేరింది. నెలాఖరుకి ఆమెని ఉంచాలో పంపాలో మేనేజరు సత్యానందం గారు తేల్చాలి. ఆయన ఒక మాట తేల్చేలోగా నాగావళికి రెండు వరదలొచ్చి పోతాయి. అయినా ఆ పిల్లని మాత్రం రోజూ ఒకటే దెప్పు: "చెప్పేదాకా కదలవా అమ్మా? నీ అంతట నువ్వు చెయ్యాలి!"

బట్ట కొనే పెద్దలు మర్నాడు నూలు వడకడం చూడ్డానికి వస్తారనగా, గ్లోరీ తన అంతట తనే అటక దులిపింది. బుట్టెడు ఎండిన చేప దవడలు కనబడ్డాయి. ఎవరో తిని దాచిన ముళ్లనుకుని చెత్తబండికెత్తేసింది.

అవి వాలుగ చేప దవడలు. వాటి సన్నపళ్లతోనే మావాళ్లు పత్తి దువ్వుతారు. దువ్వకపోతే వడికేది లేదు.

సంగతి తెలిసి ఇద్దరం బండి వెనక పరిగెత్తాం. అప్పటికే దిబ్బ మీద కుక్కలు పంచుకున్నాయి. ఓ నల్లకుక్కైతే ఆ దవడతో ఒళ్లంతా దువ్వుకుని ఖద్దరంత తెల్లగా తేలింది. నమ్మకపోతే మానండి.

"ఓలమ్మో! నా ఉజ్జోగం పోనాది తాతా!"

"పోతే పోనాది. సాలూరెల్లి లారీ తోలుకో."

ఆ మాటకి ఉడుక్కుని విసవిసా వీధిలోకి నడిచింది. మేనేజరుకి చెప్పలేదు. చెబితే "ఆలోచిద్దాం" అంటారు, అంతలో తెల్లారిపోతుంది. వడకడం మానేసిన ముసలమ్మల ఇళ్లు వెతుక్కుంటూ పోయి, "మామ్మా, నీ దవడ రేపొక్క పూటకియ్యి" అని బతిమాలింది.

వాళ్లలో కూర్మమ్మ ఎగాదిగా చూసింది. "నా మొగుణ్నైనా ఇస్తాను గానీ దవడియ్యనే. కావలిస్తే నానే అట్టుకొస్తాను."

అందరిదీ అదే మాట. మర్నాడు ఎవరి దవడ వాళ్లు కొంగులో చుట్టుకుని దిగారు. వరండా చాల్లేదు. పత్తి మబ్బులా లేచి నాకు పొలమారింది. వచ్చిన పెద్దలు భోజనం మాటే మరిచిపోయి చూశారు. పోతూ పోతూ ఏడాదికి సరిపడా బట్ట చెప్పి పోయారు.

అప్పుడు గ్లోరీ తన నిర్వాకం తనే ఒప్పుకుంది. సత్యానందం గారు నోరు తెరిచారు.

"మరి వీళ్లందరినీ ఎవరు రమ్మన్నారు?"

"నానే సార్. సెప్పిందాకా ఆగొద్దన్నది మీరే కద!"

ఆయన కళ్లజోడు తుడిచారు, మళ్లీ తుడిచారు. "సరే, ఉద్యోగంలో ఉండు. కానీ ఇకమీదట ఏదైనా పారేసే ముందు నన్నడుగు."

గ్లోరీ వెంటనే వంగి ఆయన బల్ల కిందనుంచి కారియరు తీసింది. వాసన గేటుదాకా వచ్చింది.

"సార్, మీ నిన్నటి సేపల పులుసు. పారీమంటారా?"

"ఆలోచిద్దాం," అన్నారాయన.