సముద్రపు గీత

అబ్దోన్ తన షెడ్డు ముందు నడుం దాకా బానెట్ కింద దూరి, ఇంజనుకి నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్‌ని మొదలంటా మసిగుడ్డతో తుడుస్తున్నాడు. ఊరందరి బండ్లకీ నలభై ఏళ్ళుగా చేస్తున్న పనే. ఈవేళ మాత్రం తన సొంత పచ్చ పికప్‌కి.

మా కొండమీద గాలి పలచన. నిప్పురవ్వ కాస్త ముందుగా పడితేగాని ఇంజను ఎత్తెక్కదు. కింద సముద్రపొడ్డున గాలి చిక్కన; అక్కడ రవ్వ తొందరపడితే ఇంజను లోపల టకటకా కొట్టుకుంటుంది. అందుకని మా బండ్లన్నిటికీ అబ్దోన్ డిస్ట్రిబ్యూటర్ మొదట్లో గోళ్ళరంగుతో రెండు గీతలు గీసి పెట్టాడు, కొండకొకటి, సముద్రానికొకటి. అరటిగెలలకని దిగేవాళ్ళు పోతూ ఒకసారి, వచ్చి ఒకసారి ఆయన దగ్గర ఆగి, దాన్ని ఆ గీతకి తిప్పించుకోవాల్సిందే. దాన్ని బిగించే బోల్టు మూల నక్కి ఉంటుంది మరి. దాన్ని అందుకునేది ఆయన కాల్చి వంచుకున్న స్పానర్ ఒక్కటే.

తన బండికి మాత్రం ఏనాడూ సముద్రపు గీతకి తిప్పుకోలేదు మహానుభావుడు. మర్నాడే తిరిగి ఎక్కాలి కదా అనేవాడు. ఆ టకటకలతోనే రెండుసార్లు వెళ్ళాడు, రేవులో చేపల పులుసు అమ్మే ఎల్విరా దగ్గరికి. రెండోసారి ఆవిడ గరిటె పట్టుకునే బయటికొచ్చి చెవి ఒగ్గి విన్నది.

"నీ బండింకా కొండమీదే ఉందయ్యా. దాన్నీ దింపుకుని రా, అప్పుడు పెళ్ళిమాట. ఈ ఆదివారం దాకా చూస్తా, అంతే."

ఈవేళే ఆ ఆదివారం.

"ఏరా అబ్దోనూ, పెళ్ళికొడుకువి, గోళ్ళనిండా గ్రీజేనా?" ఎదురుగా గుగ్గిళ్ళమ్మే డొమితీలా కేకేసింది.

"చేపల కంపులో ఇదెవరికి తెలుస్తుందక్కా!"

"రేపీపాటికి మళ్ళీ ఇక్కడే దిగబడతావులే. నీ గుగ్గిళ్ళు తీసి ఉంచనా?"

అబ్దోన్ ఇంజను వేసి, బోల్టు వదులు చేసి, డిస్ట్రిబ్యూటర్ మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తరవాత తిప్పాడు, వెంట్రుకవాసి, ఇంకాస్త. డిస్ట్రిబ్యూటర్ సముద్రపు గీత దగ్గర నిలిచింది. ఇంజను గొంతు మెత్తబడింది. తిరిగే పుల్లీ మీదికి, రవ్వ పడే వేళ చూపించే టైమింగ్ లైటు వేసి చూసి, బోల్టు బిగించాడు.

"ఆ గుగ్గిళ్ళు నువ్వే తినక్కా."

 డొమితీలా పరుగున వచ్చి వేడి పొట్లం సీట్లో పెట్టింది. "ఇవి ఎల్విరాకిరా! ఉప్పు చాల్లేదందంటే నేనే దిగొస్తానని చెప్పు!"

చర్చి పక్కనున్న చిన్న ఎత్తుకే బండి ఆయాసపడింది.

"ఇదింక వెనక్కి ఎక్కదురోయ్!" అని చప్పట్లు కొట్టి నవ్విందామె, కళ్ళనీళ్ళు కారుతుండగానే.

హారన్ మలుపు దాటిపోయింది. తీసి ఉన్న షెడ్డు తలుపు పక్కన, ఎవరికైనా అందేంత ఎత్తులో, మేకుకి ఆయన తగిలించి వెళ్ళిన ఆ వంకర స్పానర్ ఇంకా మెల్లగా ఊగుతోంది.