పత్తికట్టె పోసిన బావి

మా వాకిట్లో పూడ్చిన బావిలో ఏముందో ఇద్దరికే తెలుసు. ఒకణ్ణి నేను. రెండోవాడు బసవపున్నయ్య. అప్పట్లో ట్రాక్టరు తోలేవాడు, ఇప్పుడు తిరువూరులో నీళ్ళ ట్యాంకరు నడుపుతున్నాడు. నా భార్య పిచ్చమ్మకు మాత్రం అందులో రాయి పోయించానని చెప్పాను. నమ్మింది. ఆ నమ్మకంతోనే చచ్చిపోయింది.

నా కొడుకు కిరీటి పాకే వయసులో ఆ బావి ఎండిపోయింది. పిల్లాడు పడతాడు, పూడ్పించమని పిచ్చమ్మ రోజూ పోరేది. ఆ ఏడు పత్తి పురుగు పాలైంది. రాయి తోలించే స్తోమత లేదు. ఆమె నెమలి అనే ఊళ్ళో పుట్టింటికి వెళ్ళిన వారంలో మూడెకరాల పత్తికట్టె పీకించి, నేనూ బసవపున్నయ్యా బావిలో తొక్కాం. తొలకరి వానకే అది మోకాలి లోతు కుంగింది. ఆమె కంటపడకముందే బావి నోటికి అడ్డంగా తాటి దూలాలు పరిచి, పైన రెండు ట్రక్కుల మట్టి పోసి దిమ్మిస కొట్టాం. మళ్ళీ కుంగలేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఆమె ఆ మట్టి మీదే కళ్ళాపి చల్లి ముగ్గు వేసింది.

నాకూ కిరీటికీ మూడేళ్ళుగా మాటల్లేవు. ఉండేది ఒకే ఇంట్లో. పిచ్చమ్మకు లివరు పాడైంది, ఇక ఎక్కువ రోజులు లేవని విజయవాడలో డాక్టరు చెబితే వాడు నాతో అల్సరన్నాడు. చెప్పొద్దని అమ్మే అందట. ఆ తర్వాత ఆమె బతికిన ఐదు నెలలూ, పొద్దెక్కినా లేవవేమని నేను తిట్టాను. కూరలో ఉప్పు లేదని ఒకరోజు కంచం తోసేశాను. తెలిసి ఉంటే తోసేవాణ్ణి కాదు. అందుకు వాణ్ణి క్షమించలేదు, క్షమించను. వాడితో చెప్పాల్సింది ఏదైనా ఉంటే నా మనవరాలు పూజితతో చెప్పి పంపుతాను. దానికి ఏడేళ్ళు. వాడి జవాబూ అదే మోసుకొస్తుంది.

ఈ మే నెల మొదట్లో ఇంటికి రెండు పెద్ద అట్టపెట్టెలు వచ్చాయి. విప్పితే స్టీలు గొట్టాలు, మడత పెట్టిన నీలం రబ్బరు గుడ్డ, నిచ్చెన, చిన్న మోటారు. నేల తవ్వకుండా పైనే నిలబెట్టుకునే స్విమ్మింగ్ పూల్ అని కోడలు శ్రీవల్లి చెప్పింది. పదిహేను అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు. కట్టలేరులో ఎటూ నీళ్ళు లేవు, పిల్లకు ఇంట్లోనే ఈత నేర్పుతానని కిరీటి అన్నాడట.

మర్నాడు పొద్దున వాడు వాకిట్లో ఒక మేకు పాతి, తాడు కట్టి, గుండ్రంగా సున్నం గీశాడు. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. ఆ గుండ్రంలో పడమటి సగం సరిగ్గా బావి నోటి మీద పడింది.

పూజితను పిలిచి, అక్కడ వద్దు, తూర్పు పక్క మామిడిచెట్టు దగ్గర పెట్టుకోమని మీ డాడీకి చెప్పమన్నాను. అది పరుగెత్తి వెళ్ళి, పరుగెత్తి వచ్చింది.

"చెట్టు కిందైతే ఆకులు పడతాయంట తాతయ్యా. ఇక్కడైతే నేల గట్టిగా ఉంటదంట. కింద బావి నిండా రాయేనని నానమ్మ చెప్పిందంట."

దాన్ని ఆడుకోమని పంపేశాను. ఎందుకు వద్దో చెప్పాలంటే నేను అబద్ధమాడానని వాడి ముందు ఒప్పుకోవాలి. అబద్ధమాడాడనే నేను వాడితో మాట మానేశాను.

వాడు నేల చదును చేసి ఇసుక పరిచాడు. ఇసుక మీద వాడి విత్తనాల కొట్లో పడి ఉన్న పాత ఫ్లెక్సీలు పరిచాడు. వాటి నిండా విచ్చిన పత్తికాయల బొమ్మలే. సాయంత్రానికి గొట్టాలు బిగించి గుడ్డ తగిలించాడు. పని శుభ్రంగానే చేశాడు. మట్టం గొట్టం పెట్టి నాలుగు వైపులా చూసుకున్నాడు. పైనున్న నేల వరకు వాడి లెక్కలో తప్పు లేదు.

తర్వాతి రోజు నీళ్ళతో బసవపున్నయ్యే వచ్చాడు. నాకంటే రెండేళ్ళు చిన్న, వరసకు బామ్మర్ది. ట్యాంకరు దిగి పూల్ చూశాడు, కింద నేల చూశాడు, నన్ను చూశాడు. పైపు తగిలించి అరుగు దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

"ఏంటి బావా, ఇక్కడా?"

"వాడి ఇష్టం."

"చెప్పావా?"

"నీ పని చూసుకో."

కాసేపు బీడీ కాల్చాడు. ముప్పై అయిదేళ్ళయింది, ఈపాటికి అదంతా మట్టయి బిగిసిపోయి ఉంటదిలే అన్నాడు. నాకు చెప్పలేదు, తనకు తాను చెప్పుకున్నాడు. మట్టయిన కట్టె కిందికి దిగిపోతుందని, దూలాల కింద ఖాళీ మిగులుతుందని వాడికీ తెలుసు. మూడు ట్యాంకర్లు పోసి, నాలుగోది సగం పోసి వెళ్ళాడు. పోతూ నా వైపు చూడలేదు.

గుడ్డ లోపలి వైపు కంపెనీవాళ్ళు ఒక తెల్ల గీత గీసి పంపారు. నీళ్ళు సరిగ్గా దాని దాకా ఆగాయి. కిరీటి మోటారు ఆన్ చేశాడు. ఫిల్టరు గుర్రుమని మొదలైంది. మందు బిళ్ళలు వేశాడు. రెండు రోజులు మందు కలిశాక, ఆదివారం పిల్లలు దిగొచ్చని ఇంట్లో అందరికీ చెప్పాడు. విస్సన్నపేట నుంచి శ్రీవల్లి అక్క తన ముగ్గురు పిల్లలతో వస్తానంది.

శుక్రవారం పొద్దున లేచి చూస్తే పడమటి వైపు నీళ్ళు గీత దాటి ఉన్నాయి. తూర్పు వైపు గీతకు కిందికి దిగి ఉన్నాయి. చీపురు పుల్ల విరిచి కొలిచాను. ఒక వేలు. సాయంత్రానికి రెండు వేళ్ళు. కిరీటి కూడా చూశాడు. కొత్త ఇసుక సర్దుకుంటుందని శ్రీవల్లికి చెప్పి, పడమటి కాళ్ళ కింద చెక్కముక్కలు దూర్చాడు. మోటారు గొట్టం అతుకు దగ్గర నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. కారిన నీళ్ళు అక్కడ నిలవలేదు, పారలేదు. ఆ నేల తాగేస్తోంది. శనివారం ఒక బిందెడు నీళ్ళు తెచ్చి అక్కడే ఒలకబోశాను. అదీ తాగింది.

ఆ రోజు మూడుసార్లు పూజితను పిలిచాను. మూడుసార్లూ ఏమీ లేదు పొమ్మన్నాను. మూడోసారి అది నడుం మీద చేతులు పెట్టుకుని, "ఊరికే పిలిస్తే కాళ్ళు నొప్పులు నాకు" అంది.

ఆదివారం తెల్లారేసరికి తేడా బెత్తెడయింది. పడమటి కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని పుల్ల దింపుతుంటే కిందనుంచి చప్పుడు వినపడింది. పుచ్చిన తలుపు గడియ నలిగినట్టుంది. అరికాళ్ళకూ తెలిసింది. ఒక్కసారే. మళ్ళీ రాలేదు. లేచి అరుగు మీదికి పోయి కూర్చున్నాను.

తొమ్మిదింటికి విస్సన్నపేట వాళ్ళు దిగారు. టిఫిన్లు అయ్యాయి. నలుగురు పిల్లలూ ఈత బట్టలు వేసుకుని నిచ్చెన దగ్గర చేరి ముందెవరని తోసుకుంటున్నారు. మా పూల్ కాబట్టి నేనే ముందని పూజిత ఎక్కింది. నిచ్చెన పడమటి వైపే ఉంది. కిరీటి నాలుగు అడుగుల దూరంలో ఫిల్టరు దగ్గర వంగి ఉన్నాడు.

"పూజితా, దిగొద్దు. వెనక్కి రా," అన్నాను.

"డాడీ దిగమన్నారు తాతయ్యా."

కిరీటి తల ఎత్తలేదు. "ఏంటంటమ్మా మీ తాతయ్యకి? మనం నవ్వినా నొప్పేనంటా?" అన్నాడు కూతురితో. విస్సన్నపేట ఆవిడ నవ్వింది.

పూజిత ఒక కాలు నీళ్ళలో పెట్టింది. నేను అరుగు దిగాను.

"కిరీటీ, అందులో రాయి లేదురా."

మూడేళ్ళ తర్వాత వాడి పేరు పిలిచాను. వాడు లేచి నిలబడ్డాడు.

"అమ్మ చెప్పింది," అన్నాడు.

"మీ అమ్మకు చెప్పింది నేను. అబద్ధం చెప్పాను."

"ఏముంది మరి?"

"పత్తికట్టె. పైన తాటి దూలాలు. దూలాలు ఇప్పుడు విరుగుతున్నయ్యి. పిల్లని ఇవతలకి దించు."

వాడు రెండంగల్లో పోయి పిల్లను చంకల కింద పట్టి ఎత్తేశాడు. మిగతా పిల్లల్ని అరుగెక్కమని అరిచాడు. వెనక్కి పోయి కింద బిరడా లాగాడు. ధారగా వచ్చిన నీళ్ళు పల్లంగా ఉన్న వీధి కాలువ వైపు పోవాలి. పోలేదు. వెనక్కి మళ్ళి పూల్ కిందికే పోయాయి. కిరీటి అది చూసి బిరడా పారేసి పరుగెత్తి వచ్చాడు.

పూల్ పగల్లేదు. గేదె కూర్చునేటప్పుడు ముందు కాళ్ళు మడిచినట్టు పడమటి కాళ్ళు మడిచింది. గొట్టాలు వంగాయి. నేల తెరుచుకుంది. ఇసుక, ఫ్లెక్సీలు, నిచ్చెన, నీళ్ళు అన్నీ ఆ నోట్లోకి పోయాయి. చప్పుడు మాత్రం చాలాసేపు వచ్చింది, బావి ఎంత లోతో చెప్తున్నట్టు. మోటారు ఒడ్డున పడి కాసేపు ఒట్టిగా తిరిగింది. శ్రీవల్లి పోయి స్విచ్చి తీసింది.

విస్సన్నపేట వాళ్ళు భోజనానికి ఆగలేదు. కిరీటి గుంత చుట్టూ కర్రలు పాతి తాడు కట్టాడు. కట్టడం అయ్యాక నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అమ్మకి తెలుసా?"

"తెలియదు."

"రోజూ దానిమీదే కూర్చుని ముగ్గేసేది నాన్నా. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని. చెప్పాల్సింది మీరు."

"నువ్వూ చెప్పాల్సింది," అన్నాను.

వాడు లోపలికి వెళ్ళిపోయాడు. అనకుండా ఉండాల్సింది అని ఎవరైనా అంటే అననీ. అన్నాను.

మధ్యాహ్నం నాకు అరుగు మీదికే కంచం వచ్చింది. శ్రీవల్లి పెట్టి పోయింది. ఎండ దిగాక పూజిత వచ్చింది. తాడుకు దూరంగా, గోడ వారగా నడిచి వచ్చింది. ఎవరో నేర్పినట్టున్నారు.

"తాతయ్యా, డాడీ అడిగి రమ్మన్నారు. ఇంకెక్కడన్నా ఇట్టాంటిది ఉందా అని."

నేను ఇంటి చుట్టూ చూశాను. ఉత్తరం పక్క పాత దొడ్డి. కొత్త బాత్‌రూమ్ కట్టిన ఏడు అక్కడి పాత మరుగుదొడ్డి గుంతను కూడా ఇట్టాగే మూశాను. పైన ఒక రేకు వేసి మట్టి కప్పాను. దానిమీద ఇప్పుడు కిరీటి కారు నిలబెడతాడు. పొద్దున బడికి పూజితను ఎక్కించుకునేది అక్కడే.

"ఏం చెప్పను తాతయ్యా?"

"నువ్వేం చెప్పొద్దు. ఇక్కడే కూర్చో, కదలకు."

గోడకు ఆనించిన గడ్డపార తీసుకున్నాను. చెప్పులు వేసుకుని, కిరీటి గది తలుపు దగ్గరకు నడిచాను.