గుమ్మంలో ఆగిన మాట

ప్రతి ఉదయం ఆ తండ్రీ కూతుళ్ళు పెరటి తలుపు తీసుకుని, ఇంటి చుట్టూ తిరిగి వీధిలోకి వచ్చేవారు. వీధి తలుపు తీసి ఆరేళ్ళయింది. గుమ్మంలో, మనిషి గుండె ఎత్తున, అమ్మ చివరి మాట నిలిచి ఉంది. అందులోంచి నడిస్తే చెదిరిపోతుందేమోనని భయం.

అమ్మకు వినపడదు, చేతులతోనే మాట్లాడేది. జవాబు దొరికిన సైగలు గాలిలో కరిగిపోయేవి. దొరకనివి మాత్రం అద్దం మీది ఊపిరిలా, రెండు చేతుల ఆకారంలో, చేసిన చోటే ఉండిపోయేవి. కూతురు ఇంట్లో ఉంటే అమ్మానాన్నల మధ్య దుబాసీ ఆమే కనుక ఏదీ మిగిలేది కాదు. ఆమె బడిలో ఉన్న వేళల్లో అమ్మ అన్నవే పోగుపడ్డాయి. కుళాయి బాగుచేయడానికి వచ్చినాయన పొయ్యి దగ్గరి "ఉప్పు సరిపోయిందా?" కిందుగా నడుం వంచుకుని వెళ్ళి, దీన్ని కాస్త పక్కన పెట్టుకోకూడదా అని సణిగేవాడు.

తండ్రి గడియారాలు బాగుచేస్తాడు. ఆవగింజంత మరను బిగించగల ఆ వేళ్ళు సైగల దగ్గర మొద్దుబారిపోయేవి. తనకు ఒక్క ముక్క రాదని ముప్పై ఏళ్ళుగా చెబుతూ వచ్చాడు. గుమ్మంలోది ఏమిటో చదివి చెబుతానని కూతురు అంటే వద్దన్నాడు.

"ఆవిడ మాటలన్నీ నీ నోటే విన్నానమ్మా. ఈ ఒక్కటైనా ఆవిడ దగ్గరే వినాలి."

అందుకే ఆమె సైగలు నేర్పే ఒక కంప్యూటరు ఆట తయారుచేయడం మొదలుపెట్టింది. కెమెరా ముందు సైగ సరిగ్గా చేస్తే, తెర మీది ఇంట్లో ఒక కిటికీ వెలుగుతుంది. నలభై మంది చేతులను వీడియో తీసి, ఏ సైగలో ఏ వేలు ఎలా ఉంటుందో కంప్యూటరుకు నేర్పింది. తప్పొప్పులు చూడటానికి, పుట్టుకతోనే వినపడని ఒక మాస్టారు ఆమెతో కలిసి పనిచేసేవారు.

ఏడు వారాలు తండ్రి ఆ ఆట ఆడాడు. ఒక్క కిటికీ వెలగలేదు. నీ యంత్రానికి నా మొహం నచ్చలేదని మొదట్లో నవ్వేవాడు. చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇక చాలులేమ్మా. నా వల్ల కాదు."

మర్నాడు ఆమె ఆయన వీడియోలు మాస్టారికి చూపించింది. మాస్టారు నాలుగుసార్లు తిప్పి తిప్పి చూసి, భుజాలు కదిలేలా నవ్వి, సైగ చేశారు: "ఈయన తప్పు చేయడం లేదు. ఈయనకి యాస ఉంది."

ప్రతి సైగలోనూ తండ్రి కుడిచేతి చిటికెన వేలు రెండో కణుపు దగ్గర వంగి ఉంది.

ఆమె ఆ వంపును గుర్తుపట్టింది. అమ్మ బట్టలు కుట్టేది. చిన్నతనంలో మిషను సూది దిగి ఆ వేలు మళ్ళీ తిన్నగా రాలేదు. ఒక్క ముక్క రాదన్న మనిషి ముప్పై ఏళ్ళు ఆ చేతులనే చూశాడు. చూసి చూసి, గాయాన్ని కూడా మాటలో భాగమే అనుకున్నాడు.

ఆమె ఇంటికి కెమెరా తెచ్చి, గదిగదిలో నిలిచిన సైగలన్నీ తీసి, వాటితో కంప్యూటరుకు మళ్ళీ నేర్పింది. వెలుతురు బాగా పడిందని మాస్టారు మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం మొదటి కిటికీ వెలిగింది.

మూడు నెలల తరువాత ఒక ఉదయం తండ్రి వీధి తలుపు ముందు నిలబడ్డాడు. చాలాసేపు పెదవులు కదిలించాడు.

"ఎందుకు నవ్వుతున్నావు, నాకూ చెప్పు. అంతేనా?"

"అంతే నాన్నా."

ఆరేళ్ళ కిందట ఆ రోజు ఆయన గుమ్మం దాటబోతూ తనలో తానే నవ్వుకున్నాడు. వెనక్కి తిరగకుండానే కొట్టుకు వెళ్ళిపోయాడు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఆవిడ లేదు.

ఆయన చేతులెత్తి, చిటికెన వేలు వంచి, ఆగి ఆగి చెప్పాడు. ఒక కాలికి నల్ల బూటు. ఇంకో కాలికి గోధుమ రంగుది. అప్పుడే చూసుకున్నాను. సాయంత్రం నీకు చెబుదామనుకున్నాను.

దుబాసీతనం అలవాటైన కూతురు నోరు తెరవబోయి, మూసుకుంది.

గుమ్మంలోని చేతులు బొటనవేళ్ళ నుంచి కరగడం మొదలుపెట్టాయి. వంకర చిటికెన వేలు మరికాసేపు నిలిచి, అదీ పోయింది. తండ్రి తుప్పు పట్టిన గడియకు గడియారాల నూనె రెండు చుక్కలు వేసి లాగాడు. వీధి లోపలికి వచ్చింది.

"వంటింట్లోవి, గదుల్లోవి?" అని కూతురు అడిగింది.

ఆయన అప్పటికే గడప దాటుతున్నాడు.

"తొందరేముంది? నువ్వు నీ పని చూసుకోమ్మా. రోజుకొకటి మేం మాట్లాడుకుంటాంలే."