రంగు రాని నీళ్లు

మా ఆయన గురునాథరావుగారు నీళ్లను ముందు పరీక్షిస్తారు, తరవాతే తాగుతారు. ఇక్కడి ఉక్కు ప్లాంటు నీటి లాబొరేటరీలో ముప్పై మూడేళ్లు చేసిన మనిషి. పెళ్లి భోజనాల్లో కూడా గ్లాసు ఎత్తి వెలుతురులో చూసుకోనిదే నోట పెట్టరు. రిటైరయ్యాక సెక్టర్ 6లో కంపెనీ క్వార్టరు ఒప్పజెప్పి, ప్లాంటు కార్మికుల బస్తీ ఖుర్సీపార్ పక్కన అరవై ఇళ్ల కాలనీలో చిన్న ఇల్లు కొనుక్కున్నాం. వచ్చిన నెలకే కాలనీ కమిటీ ఆయన్ని వాటర్ ఇన్‌ఛార్జిని చేసింది. జీతం లేదు గానీ రిజిస్టరు ఉంది, దాంట్లో సంతకం ఉంది, పొద్దున్నే ట్యాంకు దగ్గరికి వెళ్తుంటే "నమస్తే సర్‌జీ" అనేవాళ్లున్నారు. రిటైరైన మగవాడికి అంతకన్నా ఏం కావాలి?

ఒక్క సంగతి మాత్రం కమిటీకి తెలియదు. కరోనా వచ్చి తగ్గిన దగ్గర్నుంచి ఆయన ముక్కు పనిచేయడం మానేసింది. పోపు మాడినా తెలియదు, పక్కన సాంబ్రాణి వేసినా తెలియదు. "ఎవరితోనూ అనకు దుర్గా, నీళ్లు చూసేవాడికి ముక్కు లేదంటే నవ్విపోతారు" అన్నారు. నేను అనలేదు. అందుకే జరిగినదాంట్లో నా వాటా కూడా ఉంది, ముందే చెప్పేస్తున్నాను.

మా కాలనీకి బోరునీళ్లే దిక్కు. మోటారు వేసి ట్యాంకు నింపడం, బ్లీచింగ్ పౌడరు బకెట్లో కలిపి, తేటనీళ్లు ట్యాంకులో పోయడం చిట్టిబాబు పని. వాళ్ల నాన్న టెక్కలి వైపునుంచి ఈ హిందీ ఊరికి ప్లాంటు పనికి వచ్చాడు. ఇతను ఖుర్సీపార్‌లోనే పుట్టాడు. ఎనిమిదేళ్లుగా ట్యాంకు చూస్తున్నాడు, ఒక్కరోజు నీళ్లు ఆలస్యం కాలేదు. వాళ్లావిడ ఛాయ కాలనీ ఆడవాళ్లందరికీ జాకెట్లు కుడుతుంది. నాకైతే చంక దగ్గర పట్టకుండా కుట్టేది ఆ పిల్ల ఒక్కతే.

నీళ్లలో క్లోరిన్ సరిపడా మిగిలిందో లేదో రోజూ చూడాలి. మా ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు దానికి ఒక మందు ఉండేది. నాలుగు చుక్కలు వేస్తే నీళ్లు పసుపురంగుకు తిరిగేవి. క్లోరిన్ ఎంత ఎక్కువుంటే పసుపు అంత చిక్కన, మరీ ఎక్కువైతే నారింజ. ఆ మందు ఒంటికి మంచిది కాదని తరవాత మానేశారట. ఇప్పుడు వచ్చే కిట్‌లో చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. పెట్టెలో రంగుల కార్డు ఒకటి, సన్న అక్షరాల కాగితం ఒకటి ఉన్నాయి. కార్డు తీసుకుని కాగితం మడత విప్పకుండానే పెట్టెలో పడేశారు ఆయన.

"చదవరా?" అన్నాను.

"ముప్పై మూడేళ్లు చేశానే! చుక్కలు వెయ్యడం కాగితం చూసి నేర్చుకోవాలా?" అన్నారు.

జూలైలో ట్యాంకు కడిగించారు. కడిగాక బ్లీచింగ్ మందు ఎక్కువ వెయ్యడం మామూలే, చిట్టిబాబు వేశాడు. మర్నాడు మా ఆయన గాజు గొట్టంలో నీళ్లు పట్టి, చుక్కలు వేసి, తన అలవాటు ప్రకారం మూతపెట్టి నిమిషంసేపు ఆడించి చూశారు. రంగు లేదు. రిజిస్టర్లో సున్నా అని రాసి, మందు పెంచమన్నారు. చిట్టిబాబు పెంచాడు. మళ్లీ సున్నా. మళ్లీ పెంచాడు. మళ్లీ సున్నా. ఇలా పదిహేను రోజులు నడిచింది.

ఆ పదిహేను రోజులూ కుళాయి విప్పితే నాకు కళ్లు మండేవి. పప్పు ఎంత ఉడికించినా ఆసుపత్రి వాసనే. నా నీలం నూలు చీర పిండిన చోటల్లా తెల్లబడిపోయింది. సబ్బు మార్చావని పనిమనిషిని తిట్టాను, పాపం. ఉండబట్టలేక ఒకరోజు ఆయనతో అన్నాను, "నీళ్లు బ్లీచింగ్ కంపు కొడుతున్నాయండీ" అని.

"నీ ముక్కుకన్నా నా కిట్ నయం. సున్నా ఉంది" అన్నారు.

ముక్కు సంగతి ఎత్తితే నొచ్చుకుంటారని ఊరుకున్నాను. కాలనీవాళ్లకు నాపాటి అనుమానం కూడా లేదు. పక్కింటి వందన చదువుకున్న పిల్ల, బ్యాంకులో చేస్తుంది. ఆవిడ నాకు ఎంతో ఓపిగ్గా విప్పి చెప్పింది: "ఆంటీ, క్లోరిన్ సున్నా అని అంకుల్ రాశారు కదా. మరి ఈ వాసన క్రిములది కాక ఇంకేమిటి? అందుకే మేం మరగబెట్టి తాగుతున్నాం."

కమిటీ సెక్రటరీ అనిల్‌కుమార్‌కు ఇంకా పెద్ద ఆలోచన వచ్చింది. ఒకరోజు పొద్దున్నే మా ఇంటికి వచ్చి సోఫా అంచున కూర్చున్నాడు.

"దేఖియే అంకుల్, వాడు రోజూ మందు వేస్తన్నానంటాడు. బస్తాలు ఖాళీ అవతన్నాయి. మీ రిపోర్ట్ జీరో ఆతా హై. మతలబ్ ఏటి? మాల్ బైటికి పోతంది."

మా ఆయన అప్పుడు కాదని ఉండవచ్చు. చిట్టిబాబు ఎనిమిదేళ్లుగా చేస్తున్న మనిషి, ఒకసారి ఆలోచిద్దాం అని ఉండవచ్చు. అనలేదు. "నేను రాసింది నీళ్ల గురించే. మనిషి సంగతి మీరు చూసుకోండి" అన్నారు. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ ఆయన మీద కోపమే.

ఆ ఆదివారం ట్యాంకు కింద అందర్నీ పోగుచేశారు. చిట్టిబాబు చేతిలో ఒక సీసా మంచినీళ్లు పట్టుకుని వచ్చాడు.

"బాబూ, ఒక్కపాలి నా మాట ఇనండి. సుక్క పడగానే గులాబీ వస్తంది, వచ్చి ఎంటనే పోతంది. మీరు మూతెట్టి ఆడించినంతలో అది ఉండదు. నాను సూసినాను."

"వచ్చిన రంగు ఎక్కడికి పోతుందోయ్?" అన్నారు మా ఆయన. జనం నవ్వారు.

"అది నాకు తెల్దు బాబూ. కానీ ఇలగ సూడండి." ట్యాంకు నీళ్లు ఒక వంతు, సీసా నీళ్లు నాలుగు వంతులు గ్లాసులో కలిపి, అందులోంచి గొట్టంలో పోసి చుక్కలు వేశాడు. తాంబూలం వేసుకున్న నోటిలాగ ఎర్రగా పండింది. "మందు నేదంటే ఈ రంగెక్కడిది? మందు ఎక్కువైపోనాది బాబూ, తక్కువ కాదు. కంపు కొట్టతన్నాది, మీకు తెలస్తంది కదా?"

అందరూ మా ఆయన వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. ఆయన గట్టిగా ఒకసారి గాలి పీల్చి, "నాకేం వాసన లేదు" అన్నారు. అబద్ధం కాదు. అక్కడ నోరు విప్పాల్సింది నేను. విప్పలేదు.

"పక్‌డా గయా! దొరికిపోనాడు!" అని అనిల్‌కుమార్ చెయ్యి చాపాడు. "అందరి ముందే నీళ్లు కలిపీసినాడు, సూసినారు కదా! సీసాలో ఏటి పోసుకొచ్చినాడో!"

"కలిపిన శాంపిలు శాంపిలే కాదు" అన్నారు మా ఆయన. అది లాబొరేటరీలో ఆయన ముప్పై మూడేళ్లు కుర్రాళ్లకు చెప్పిన మాట. ఆ మాట మీదే చిట్టిబాబు ఉద్యోగం పోయింది. మందు గది తాళంచెవి లాక్కున్నారు. ఖుర్సీపార్ గల్లీల్లో అతనికి బ్లీచింగ్ చోర్ అని పేరు పడింది. ఆడవాళ్లు ఛాయ దగ్గర్నుంచి జాకెట్టు ముక్కలు వెనక్కి తెప్పించుకున్నారు. నేనూ తెప్పించుకున్నాను. కుట్టినవి కుట్టనివి అన్నీ మడతపెట్టి ఇచ్చిందట ఆ పిల్ల.

కొత్త మనిషి అనిల్‌కుమార్ బావమరిది రాజాబాబు. చేరిన మూడో రోజు పొద్దున మా ఆయన చుక్కలు వేస్తే ముదురు గులాబీ. అయిదో రోజు కార్డు మీద రంగు ఎలా ఉందో అలాగే లేత గులాబీ. కంపు పోయింది, కళ్లు మండడం పోయింది. "నిజాయితీపరుడి చెయ్యి పడితే ఇదీ తేడా" అని వాట్సాప్‌లో గొట్టం ఫోటో పెట్టాడు అనిల్‌కుమార్. అరవై ఇళ్లవాళ్లూ చప్పట్లు కొట్టే చేతులు పంపించారు. పంద్రాగస్టు జెండా పండగకి మా ఆయనకు శాలువా కప్పాలని తీర్మానం కూడా అయింది.

పదో రోజు గొట్టంలో నీళ్లు మళ్లీ తెల్లగా ఉండిపోయాయి. ఆ వారంలోనే నాలుగిళ్లలో పిల్లలకు వాంతులు, విరేచనాలు. కంపు పోయిందని వందన నీళ్లు మరగబెట్టడం మానేసింది, వాళ్ల అబ్బాయిని ఆసుపత్రిలో పెట్టారు. ఈసారి సున్నా వస్తే అనిల్‌కుమార్ దొంగ అనలేదు. "కిట్ ఖరాబ్ అయింటాది అంకుల్, కొత్తది తెప్పిద్దాం" అన్నాడు.

మా ఆయన రాజాబాబును ఇంటికి పిలిచారు.

"రోజుకు ఎంత మందు వేస్తున్నావు బాబూ?"

"మందేటంకుల్?"

"బ్లీచింగ్."

"ఆ గది తాళం బావ బండి డిక్కీలో ఉంది కదంకుల్. నాకు మోటారు వెయ్యమని సెప్పినారు, వేస్తన్నాను. మందు మీరే వేస్తన్నారనుకున్నాను. రోజూ వెళ్లి ఏదో వేస్తారు కదా, సుక్కలు."

రాజాబాబు వెళ్లాక ఆయన కుర్చీలో కూర్చుని వేళ్ల మీద రోజులు లెక్కపెట్టారు. పది రోజులుగా ట్యాంకులో ఎవరూ ఏమీ వేయలేదు. మరి ఆ గులాబీ ఎవరిది? లేచి కిట్ పెట్టె తెచ్చి, అడుగున ఉన్న కాగితం మడత విప్పి, భూతద్దం పెట్టి చదివారు. క్లోరిన్ మరీ ఎక్కువైతే వచ్చిన రంగు వెంటనే విరిగిపోతుందనీ, దాన్ని సున్నా అనుకోవద్దనీ, మంచినీళ్లు కలిపి పల్చన చేసి మళ్లీ చూడమనీ అందులో ఉంది. రెండోసారి పైకి చదివారు. చిట్టిబాబు వేసిందే రోజూ కొత్త నీళ్లు కలిసి పల్చబడ్డాక రంగు చూపించిందన్నమాట.

"చిట్టిబాబు కాగితం చదవకుండానే చేశాడు దుర్గా" అన్నారు.

"ఆ కంపు నాకు మొదటి రోజునుంచీ తెలుసు" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

శాలువా రోజున జెండా ఎగరేశాక ఆయన మైకు అడిగి తీసుకున్నారు. తప్పు తనదేననీ, చిట్టిబాబు వేసిన మందే ఆ తరవాత వారం రోజులు కాలనీని కాపాడిందనీ, అతను చెప్పిన ప్రతి మాటా నిజమేననీ చెప్పారు. ముక్కు సంగతి కూడా దాచలేదు. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆయన్ని చూసి నాకు అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

అనిల్‌కుమార్ మైకు అందుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా.

"చూసినారా భాయియోం ఔర్ బహనోం! దొంగతనం చేసినోడి పెళ్లాంబిడ్డలు ఉపాసం ఉంటారని, ఆడి తప్పు సర్‌జీ తన నెత్తిన వేసుకుంటన్నారు. ఐసా ఆద్మీ ఎక్కడుంటాడు?"

చప్పట్లు ఆగలేదు. ఇద్దరు వచ్చి ఆయన కాళ్లకు దండం పెట్టారు. "నేను చెప్పేది వినండయ్యా, కాగితం చూపిస్తాను" అంటూనే ఉన్నారు ఆయన. శాలువా కప్పేశారు. వందన నా చెయ్యి పట్టుకుని, "అంకుల్‌ది ఎంత మెత్తని మనసాంటీ" అంది.

ఆ సాయంత్రమే చిట్టిబాబు ఇంటికి బయల్దేరాం. అతనికి దుర్గ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్లో మురుగునీరు శుద్ధిచేసే చోట పని దొరికిందట. ఆ నీళ్లు పూలమొక్కలకు పోతాయి. వాటిలో కూడా క్లోరిన్ చూడాలి, రోజుకు మూడుసార్లు, ముందు పల్చన చేసి ఒకసారి, చెయ్యకుండా ఒకసారి. అంటే మా కాలనీ పిల్లలు జబ్బుపడ్డ వారం ఆ హోటల్లో బంతిమొక్కలు మాకన్నా నయమైన నీళ్లు తాగాయన్నమాట.

మేం వెళ్లేసరికి అతను డ్యూటీకి సైకిలు తుడుచుకుంటున్నాడు. ఛాయ గుమ్మంలోకి వచ్చి నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది. మా ఆయన కూర్చోలేదు. గల్లీ అంతా వినాలని గట్టిగా, తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పారు. ఇతను దొంగ కాదు, తప్పు చేసింది నేను, నా తప్పుకి ఇతన్ని పంపేశారు అని. అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఎదురింటి జగ్గయ్య, ప్లాంటులో క్రేను నడిపి రిటైరైన ముసలాయన, కర్ర పక్కన పెట్టి చేతులు జోడించాడు.

"ఎంత పెద్దమనిసి బాబూ! ఇంతోటి ఆఫీసరు ఈ గల్లీకొచ్చి, ఈ చిట్టిగాడి కోసం..."

జగ్గయ్య వెనక నలుగురు దండాలు పెట్టారు. మా ఆయన "కాదయ్యా, కాదు" అని చేతులు ఊపుతూనే ఉన్నారు.

చిట్టిబాబు సైకిలు స్టాండు తీశాడు. కోపంగా అనలేదు, నెమ్మదిగానే అన్నాడు.

"సూసినారా బాబూ. ఇదే మాట ట్యాంకు కింద నాను సెప్పినప్పుడు నవ్వినారు. మీరు సెప్తే మీకే దండాలెడతన్నారు. నాను దొంగని కానని మాత్రం ఈళ్లలో ఒక్కడూ అన్నేదు."

మా ఆయన నా వైపు చూశారు. చిట్టిబాబు సైకిలెక్కి డ్యూటీకి వెళ్లిపోయాడు.