రాని చుట్టం వంతు

“కుక్కను ఎత్తుకోని మీరే కాటా మీద నిలబడండమ్మా” అన్నది నంద్యాల పశువుల డాక్టరు దెబోరా.

ఆరు నెలల బ్రూనో కాటా ఎక్కగానే గిరగిర తిరుగుతూ ముల్లును నిలవనీయడం లేదు. అది మాట వినేది రోజూ అన్నం పెట్టే ఇంద్రజ ఒక్కతెకే. ఆమె కుచ్చిళ్ళు సర్దుకొని, దానిని గుండెలకు హత్తుకొని కాటా ఎక్కింది. పిమ్మట దానిని దింపి, తానొక్కతే ఎక్కింది. మొత్తంలో నుంచి ఆమెను తీసివేస్తే మిగిలేది కుక్క.

“పద్దెనిమిది కేజీలు. వయసుకు సరిపోయింది” అన్న డాక్టరు, కాటా మీద నుంచి చూపు తిప్పకుండానే, “మీరే నలభై ఒక్క కేజీలుండారు. సరిగ్గా తింటాండారా?” అని అడిగింది.

ఇంద్రజ నోరు తెరిచేలోగా భర్త ఓబులేసు అందుకున్నాడు. “ఆమె సంగతి ఇప్పుడెందుకు మేడమ్! దీనికి రోజుకెంత పెట్టల్లో చెప్పండి.”

డాక్టరు ఓపికగా చెప్పింది. ఇంట్లో వండిపెట్టేదైతే రోజు మొత్తానికి ఒక కేజీ కంటే కాస్త తక్కువగా మొదలుపెట్టి, మూడు పూటలకు పంచాలి. సగం దాకా కోడిమాంసం ఉండాలి. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ తగలకూడదు. నిమిరితే పక్కటెముకలు చేతికి తెలియాలి గానీ కంటికి కనిపించకూడదు. కనిపిస్తే తిండి పెంచాలి.

“మీరు తినంగా మిగిలింది మాత్రం ఎయ్యొద్దన్నా. దాని వంతు దానికి ఏరే వండల్ల.”

తమ ఊరు ఆళ్ళగడ్డ చేరేదాకా కుక్క ఇంద్రజ ఒడిలోనే నిద్రపోయింది. దాని వెచ్చని వీపు నిమురుతూ ఆమె తాను కాపురానికి వచ్చిన కొత్తను తలచుకున్నది. ఎసట్లో బియ్యం పోసే పద్ధతి అత్త కమలాక్షమ్మ స్వయంగా నేర్పింది. కొడుక్కొక గ్లాసు, తనకొక గ్లాసు, ఎవరైనా చుట్టం రావచ్చునని పైన ఒక పిడికెడు. “మరి నాకత్తా?” అని అమాయకంగా అడిగితే ఆవిడ నవ్వింది. “వండేదానికి కొలతేందే? అడుగున మిగల్దా?” నాటి నుంచి ఇంద్రజ తిన్నది రాని చుట్టం అన్నం. చుట్టం వచ్చిన పూట ఆమెకు మజ్జిగే భోజనం. ఆ ఇంట్లో పెట్టనన్నవారు లేరు; పెట్టాలని తట్టినవారూ లేరు. అడగకపోవడమే మంచితనమని ఆమె కూడా ఇన్నేళ్ళూ నమ్మింది.

ఇల్లు చేరగానే ఓబులేసు డాక్టరు చెప్పినదంతా తల్లికి అప్పజెప్పాడు.

“పసిప్రాణి పాపం, నేనే కొలిచిస్తాలే” అని కమలాక్షమ్మ డబ్బా మూత తీసి, కుక్క బియ్యం వేరే గిన్నెలో పోసింది. “అది తినకుండ మిగిలిస్తేనో?”

“పారెయ్యొద్దుమా. రోన్త ఉప్పేసుకోని ఇంద్రజ తింటాదిలే!” అన్నాడు ఓబులేసు. తల్లీ కొడుకులిద్దరూ హాయిగా నవ్వుకున్నారు.

ఇంద్రజ అత్త చేతిలోని గ్లాసు అందుకున్నది. ఇంటి ఎసరుకు ఎప్పటిలాగే రెండు గ్లాసులు కొలిచి, మూడవది అంచు దాకా నింపి పోసింది.

“అదెవురికే?”

“నాకు.”

“ఏందీ, కొత్తగా?”

“ఆకలి పాతదే అత్తా.”

అన్నం ఉడికింది. ఆమె మూడు కంచాలు పెట్టి, మూడవదాని ముందు కూర్చున్నది. ఓబులేసు అన్నం కలపకుండా చూస్తూ ఉండిపోయాడు.

“పప్పెయ్యవా?”

“నీ ముందరే ఉండాది. ఏసుకో.”

వేడి అన్నం వేళ్ళకు చురుక్కుమన్నది. ఈ ఇంట్లో వేడి అన్నం ఆమె ఎన్నడూ తిన్నది లేదు. కంచంలోనిది అయిపోయింది. చాలిందో లేదో ఆమెకు తెలియలేదు. ఇన్నాళ్ళూ గిన్నె అడుగు కనిపించిన చోటనే ఆమె ఆకలి ఆగిపోయేది. దాని అసలు హద్దు ఎక్కడో చూసే అవకాశమే రాలేదు.

అది తెలిసేదాకా లేవకూడదని నిశ్చయించుకొని, ఇంద్రజ అన్నం గిన్నెను తన వైపుకు జరుపుకున్నది.