పక్కన నిలబడ్డ మూడో మనిషి

తమ విడాకుల కేసులో సాక్ష్యం చెప్పమని అక్కా పిలిచింది, బావా పిలిచాడు. ఇద్దరికీ బుల్లి తమ మనిషే. వాళ్ల పెళ్లైన ఏడాదినుంచీ ఆ ఇంట్లోనే, మేడమీది గదిలో ఉంటోంది మరి. ఎవరికోసం నోరు విప్పినా రెండోవాళ్ల మొహం ఎలా చూడాలో తెలియక ఆమెకు ముద్ద దిగడం లేదు.

కోర్టుకు వెళ్లే పొద్దున, కాలేజీలో లాటిన్ చెప్పే పిన్ని ఆమె చున్నీ ఇస్త్రీ చేస్తూ కబుర్లలో పెట్టింది.

"అడ్వకేట్ అన్న మాటకి లాటిన్లో అసలర్థం ఏంటో తెలుసా? పిలిస్తే వచ్చినవాడు."

"ఫీజిస్తే వచ్చినవాడేమో అనుకున్నా."

పిన్ని నవ్వింది. "టెస్టిమొనీ అంటారే, అందులో 'టెస్టిస్' ఉంది. అంటే సాక్షి. ఇంకాస్త వెనక్కి తవ్వితే, మూడో మనిషిగా పక్కన నిలబడ్డవాడట. ఎవరి పక్షమూ కాదే పిచ్చిదానా, ఊరికే పక్కన."

ఇస్త్రీ ఆవిరిలో ఆ మాట చాలాసేపు తేలుతూ ఉండిపోయింది.

కోర్టు హాల్లో ఎత్తైన కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. అందులో దుమ్ము రేణువులు ఎక్కడికీ పోవాలని లేనట్టు తిరుగుతున్నాయి. ఫ్యాను చప్పుడూ టైపిస్టు వేళ్ల చప్పుడూ నీళ్లడుగునుంచి వస్తున్నట్టున్నాయి. బోనెక్కిన బుల్లికి తన కాళ్లు నేలమీద ఉన్నాయో లేవో తెలియలేదు.

"గెంటేసిందని ఈయన, వదిలేసి పోయాడని ఆవిడ అంటున్నారు. విడిపోయిన ఆ సాయంత్రం ఎవరు ఎవర్ని వదిలేశారమ్మా?" అడిగింది జడ్జి.

బుల్లి గొంతు ఆమెకే ఎక్కడో దూరంగా వినిపించింది.

"అక్క పొమ్మంది. బావ వెళ్లాడు. వీధి చివరిదాకా కూడా వెళ్లలేదండీ, తిరిగొచ్చి వానలో మెట్లమీద కూర్చున్నాడు. నేను మేడమీంచి చూశాను. కిందికి దిగొస్తే, అక్క తలుపు లోపల గడియమీద చెయ్యేసి నిలబడి ఉంది. చీకటి పడేదాకా అంతే. ఈయన తట్టలేదు, ఆవిడ తియ్యలేదు."

అక్కా బావా ఒకరినొకరు చూసుకున్నారు. అప్పటిదాకా ఎవరి సగం వాళ్లకే తెలుసు.

బయట వరండాలో అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదే?"

"మీ మధ్యలోకి రావడం ఎందుకులే అనుకున్నానక్కా."

అక్క బావ దగ్గరికి నడిచింది. "వానలో కూర్చున్నావా?"

"గొడుగు లోపలే ఉండిపోయింది," అన్నాడు బావ.

అక్కకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

విడాకులైతే ఆగలేదు. విడిపోవడమే మంచిదని ఇద్దరికీ తోచింది. కాకపోతే "గెంటేసింది", "వదిలేసి పోయాడు" అన్న మాటలు దావాలోంచి తీసేయించారు. తీర్పు వచ్చిన రోజు ముగ్గురూ ఒకే బస్సెక్కారు. కిటికీ పక్క సీటు బుల్లికిచ్చారు. దారి పొడుగునా ఆమె ఒళ్లెరక్కుండా నిద్రపోయింది.